పెంపుడు కుక్కకు పచ్చి మాంసం – మేలెంత? కీడెంత?

ఆహారమే ఔషధమన్న సూత్రం మనుష్యులకు మాత్రమే పరిమితమైనది కాదు. మన గడపను నమ్ముకొని బ్రతికే మూగజీవాలకు కూడా అది వర్తిస్తుంది. తనకు ఏది హితమో, ఏది అహితమో చెప్పుకోలేని ప్రాణికి ఆహారాన్ని నిర్ణయించే బాధ్యత పూర్తిగా యజమానిదే. కుక్క విషయంలో ఈ బాధ్యత రెట్టింపవుతుంది. దాని ఆహారంలో పొరబాటు జరిగితే ఆ ఫలితాన్ని కుక్కతోపాటు, దానిని ముద్దాడి ఆడుకొనే ఇంటి పిల్లలు కూడా అనుభవించవలసి రావచ్చు.

“కుక్క తోడేలు జాతిది. అడవిలో తోడేలు వండుకొని తింటుందా? కనుక కుక్కకు కూడా పచ్చి మాంసం, పచ్చి ఎముకలే పెట్టాలి” అనే వాదం కొన్నేళ్ళుగా పట్టణాలలో ప్రచారంలోకి వచ్చింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వంటి ఊళ్ళలోనూ ఇది తెలియనిది కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు లాబ్రడార్ పిల్లను తెచ్చి తల్లిదండ్రుల వద్ద వదలి, పచ్చి మాంసం అలవాటు చేయమని చెప్పి వెళ్ళవచ్చు. శాకాహారుల ఇళ్ళలో మరొక కారణం కూడా ఉంటుంది. ఇంట మాంసం వండరు కనుక, దుకాణం నుండి తెచ్చిన ముక్కలను పెరట్లో కుక్క ముందు అలాగే వేయడం వారికి సులువనిపిస్తుంది.

ఇది ఆచరణీయమేనా? ఆచరించదలచినవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? మన ప్రాంతంలో దీనికి ప్రత్యేకంగా ఉన్న ప్రమాదమేమిటి? ఈ విషయాలను క్రమంగా తెలుసుకొందాం.

పచ్చి ఆహారవాదం ఎక్కడిది?

కుక్కలకు ప్రత్యేకంగా తయారుచేసిన ఆహారం పంతొమ్మిదవ శతాబ్దానికి ముందు పెద్ద వ్యాపారం కాదు. 1860 ప్రాంతంలో జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా దేశస్థుడు లండన్‌లో కుక్కల బిస్కెట్లను తయారుచేసి అమ్మడంతో ఆ వ్యాపారం మొదలైంది. అంతకు ముందు ఎక్కువగా కుక్క ఆహారం ఇంటివారు తినగా మిగిలినదే. యంత్రాలలో తయారైన పొడి ఆహారం ప్రపంచమంతటా వ్యాపించిన తరువాత దానిపై విముఖత కూడా పుట్టింది. 1993లో ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ తన గ్రంథంలో కుక్కలకు పచ్చి ఎముకలు, పచ్చి మాంసం, కూరగాయలు పెట్టాలని ప్రతిపాదించాడు. నేటి పచ్చి ఆహారవాదానికి ముఖ్యమైన ఆధారం అదే.

ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. కుక్కకు 42 పళ్ళుంటాయి. అవి నమలడానికి కాక చీల్చడానికి, కొరకడానికి అనువైనవి. దాని జీర్ణాశయంలోని ఆమ్లం చాలా తీక్ష్ణమైనది. దాని లాలాజలంలో పిండిపదార్థాన్ని జీర్ణించే రసం దాదాపు లేదు. ఈ లక్షణాలన్నీ మాంసాహారికి తగినవే.

కానీ కుక్క నేడు తోడేలు కాదు. 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధనను ప్రకటించారు. పిండిపదార్థాన్ని జీర్ణించే రసాన్ని క్లోమంలో ఉత్పత్తి చేయించే జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే ఉండగా, కుక్కలలో 4 నుండి 30 వరకు ఉన్నట్లు వారు కనుగొన్నారు. వేల సంవత్సరాలు మనిషి ముంగిట గింజల ఆహారం తిని కుక్క శరీరం మారిందన్నమాట. మన పాలమూరు పల్లెలలో జొన్నరొట్టె, గటక, అంబలి, మజ్జిగ అన్నం తిని మందలను కాచిన కుక్కలే ఇందుకు నిదర్శనం. కావున “కుక్కకు ధాన్యం విషం” అనే మాటలో నిజం లేదు. అట్లని ఉత్త పెరుగన్నం చాలుననడం కూడా సరికాదు. కుక్కకు మాంసకృత్తులు మనకంటె ఎక్కువ అవసరం. కేవలం అన్నంపై పెరిగిన కుక్క లావెక్కవచ్చును గాని బలంగా ఉండదు.

ఆయుర్వేద దృష్టి

జంతువుల ఆరోగ్యం మన పూర్వులకు పరాయి విషయం కాదు. గజవైద్యానికి పాలకాప్యుని హస్త్యాయుర్వేదం, అశ్వవైద్యానికి శాలిహోత్రుని సంప్రదాయం ప్రసిద్ధాలు. మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో రచించిన మానసోల్లాసంలో ‘సారమేయ వినోదం’ పేరుతో కుక్కలకు ఒక ప్రకరణమే ఉంది. ఆయన కల్యాణి చాళుక్య ప్రభువు. ఆ వంశపు రాజుల శాసనాలు నేటికీ గద్వాల జిల్లాలోని అలంపురంలో కనిపిస్తాయి.

ఆహారం మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అన్నది కేవలం పదార్థాన్ని బట్టి తేలదని చరక సంహిత విమానస్థానం బోధిస్తుంది. పదార్థ స్వభావం, దానికి చేసే సంస్కారం, కలిపే వస్తువులు, పరిమాణం, దేశం, కాలం, భుజించే నియమం, భుజించేవాని స్థితి అనే ఎనిమిది అంశాలను పరిశీలించాలి. ఆ నిర్దేశం మనుష్యుల గురించి చేసినదే అయినా, కుక్క ఆహారాన్ని పరీక్షించడానికి ఇంతకంటె మంచి కొలబద్ద దొరకదు.

వీటిలో సంస్కారమంటే వండటం మొదలైన క్రియల వలన పదార్థపు గుణం మారడం. గురువైనది అగ్నిసంయోగం వలన లఘువవుతుంది. ఇక కాలం. మన జిల్లాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఉదయం కోసిన మాంసం మధ్యాహ్నానికే చెడుతుంది. చలిదేశంలో రాసిన నియమాలు మన చైత్ర వైశాఖాలకు వర్తించవు. అన్నింటికంటె ముఖ్యమైనది దేశం. అనగా మనమున్న చోటు, అక్కడి పశువులు, అక్కడి అలవాట్లు. మన ప్రాంతంలో పచ్చి మాంసపు ప్రశ్నను తేల్చవలసినది ఈ అంశమే.

గొర్రె – కుక్క – మనిషి

2019 పశుగణన ప్రకారం తెలంగాణలో సుమారు 1 కోటి 90 లక్షల గొర్రెలున్నాయి. ఆ గణనలో దేశంలో ప్రథమ స్థానం తెలంగాణదే. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా గొర్రెల పెంపకానికి పెట్టింది పేరు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు 2016 అక్టోబరు 11న జిల్లాలుగా ఏర్పడడానికి ముందు అందులోనివే. గొర్రె, కుక్క, మనిషి ఒకే చోట కలిసి బ్రతికే ప్రాంతంలో ఒక సూక్ష్మమైన బద్దెపురుగు ఈ మూడింటినీ కలుపుతుంది. దానిని శాస్త్రజ్ఞులు ఎకైనోకాకస్ అంటారు. దాని వలన మనిషికి కలిగే వ్యాధి హైడాటిడ్ తిత్తి.

ఈ పురుగు పెద్దదశలో కుక్క ప్రేగులలో నివసిస్తుంది. దాని పొడవు కొద్ది మిల్లీమీటర్లే. వందలు, వేలుగా ఉన్నా కుక్కలో సాధారణంగా ఏ రోగలక్షణమూ కనిపించదు. కుక్క మలంతోపాటు దీని గ్రుడ్లు బయటపడి గడ్డిని, నేలను, నీటిని చేరుతాయి. ఆ గడ్డిని మేసిన గొర్రె కార్జంలో, ఊపిరితిత్తులలో నీటితో నిండిన తిత్తులు పెరుగుతాయి. గొర్రెను కోసినపుడు ఆ తిత్తులున్న కార్జాన్ని కుక్కకు పచ్చిగా వేస్తే, తిత్తిలోని సూక్ష్మమైన పురుగు తలలు కుక్క ప్రేగులకు అంటుకొని ఆరేడు వారాలలో గ్రుడ్లు పెట్టే పురుగులవుతాయి. చక్రం మళ్ళీ మొదలవుతుంది.

మనిషి ఈ చక్రంలో పొరబాటున చిక్కుకొంటాడు. కుక్క తన శరీరాన్ని నాకుకొన్నపుడు గ్రుడ్లు దాని వెంట్రుకలకు అంటుతాయి. దానిని నిమిరిన పిల్లవాడు చేయి కడుక్కోకుండా రొట్టె తింటే అవి కడుపులోకి పోతాయి. తరువాత ఏళ్ళ తరబడి ఏ బాధా ఉండదు. తిత్తి మెల్లగా పెరుగుతుంది. ఎక్కువమందిలో కార్జంలో, కొందరిలో ఊపిరితిత్తులలో, అరుదుగా మెదడులో, ఎముకలలో ఏర్పడుతుంది. కడుపు కుడివైపు బరువు, నొప్పి, దగ్గు వంటివి కనిపించి పరీక్ష చేయించేసరికి అది నారింజపండంత కావచ్చు. లోపల పగిలితే ప్రాణాపాయం కలుగుతుంది. చికిత్సకు శస్త్రక్రియ, సూదితో తిత్తిలోని నీటిని తీసివేయడం, నెలల తరబడి మందులు అవసరమవుతాయి.

ఒక విషయాన్ని స్పష్టంగా గ్రహించాలి. మాంసం తినడం వలన మనిషికి ఈ వ్యాధి రాదు. తిత్తి ఉన్న కార్జాన్ని తిన్నవాడికి కూడా దాని నుండి ఇది సంక్రమించదు. ఇది కుక్క మలంలోని గ్రుడ్ల ద్వారానే వస్తుంది. కనుక పూర్తి శాకాహారుల ఇంటిలో కూడా ఇది రావచ్చు.

ఇదే కుటుంబానికి చెందిన మరొక బద్దెపురుగు గొర్రె మెదడులో తిత్తిగా ఏర్పడుతుంది. అపుడు గొర్రె తల వాల్చి, గుండ్రంగా తిరుగుతూ పడిపోతుంది. ఆ గొర్రె తలను కుక్కలకు వేస్తే ఆ రోగం మళ్ళీ మందకే చేరుతుంది.

మన దగ్గర కుక్కకు వేసే పచ్చి మాంసమేమిటో ఆలోచించండి. దేవర చేసినా, కందూరు చేసినా ఊరి బయట గొర్రెను కోస్తారు. మంచి మాంసం పొయ్యి మీదికి పోతుంది. నీటిబుడగలున్న కార్జపు ముక్క, ఊపిరితిత్తులు, బోటిలో పనికిరాని భాగం కుక్కలకు పోతాయి. మాంసం దుకాణంలోనూ కుక్క కోసమని అడిగితే ఉచితంగానో, చౌకగానో దొరికేది అమ్మకానికి పనికిరానిదే. మనిషి తినకూడదని ఏరిపారేసినదే కుక్క వాటాగా వస్తుంది. పచ్చి ఆహారవాదుల గ్రంథాలలో చెప్పిన శుభ్రమైన మాంసం వేరు, మన వీధి చివర దొరికే ఈ ముక్కలు వేరు. దేశాన్ని విచారించకుండా ఆహారాన్ని విధించడంలోని దోషం ఇదే.

రెండు దేశాల అనుభవం

ఈ వ్యాధిని ఇంటి అలవాటును మార్చడం ద్వారానే తరిమివేయవచ్చునని నిరూపించిన దేశాలున్నాయి. పంతొమ్మిదవ శతాబ్దంలో ఐస్‌లాండ్ ప్రజలను ఈ వ్యాధి విపరీతంగా పీడించింది. 1863లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ క్రాబె అక్కడికి వెళ్ళి దాని కారణాలను పరిశీలించాడు. కుక్కలకు పచ్చి ఆంత్రాలు వేయరాదని బోధించే ఒక చిన్న పుస్తకం ఆయన వ్రాయగా, ప్రభుత్వం దానిని ప్రజలకు ఉచితంగా పంచింది. తరువాత చట్టాలు కూడా వచ్చాయి. ఇరవయ్యవ శతాబ్దం ముగిసేలోగా ఆ దేశంలో వ్యాధి అంతరించింది. న్యూజిలాండ్ 1959లో ప్రత్యేక చట్టం చేసి, పచ్చి కార్జం, ఊపిరితిత్తులు కుక్కలకు వేయడాన్ని నిషేధించి, కుక్కలకు క్రమం తప్పక పురుగుల మందు వేయించింది. 2002లో ఆ దేశం తాత్కాలికంగా వ్యాధిముక్తమైనదని ప్రకటించుకొంది. ఈ రెండు చోట్లా మొదటి మెట్టు ఒక్కటే: కుక్క గిన్నెలో ఏమి వేయాలో ఇల్లాలికీ, కాపరికీ తెలియడం.

క్రిముల విషయం

బద్దెపురుగు లేకపోయినా పచ్చి మాంసం నిర్దోషం కాదు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2010–2012 సంవత్సరాలలో పెంపుడు జంతువుల కోసం అమ్మే పచ్చి ఆహారపు 196 నమూనాలను పరీక్షించగా, 15 నమూనాలలో సాల్మొనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా అనే క్రిములు బయటపడ్డాయి. శీతలీకరణ సదుపాయాలు పుష్కలంగా ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది. 2012లో అమెరికా పశువైద్య సంఘం కుక్కలకు, పిల్లులకు పచ్చి మాంసాహారం పెట్టవద్దని సూచించింది. 2018లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ పశువైద్యులు పచ్చి కోడిమాంసానికి, కుక్కల కాళ్ళు అకస్మాత్తుగా పడిపోయే ఒక నరాల వ్యాధికి సంబంధమున్నట్లు ప్రకటించారు. ఆ మాంసంలో ఉండే కాంపిలోబాక్టర్ క్రిమి అందుకు కారణం కావచ్చునని వారి అభిప్రాయం.

కుక్క ఈ క్రిములను చాలావరకు తట్టుకొంటుంది. కానీ అవి దాని మూతి ద్వారా, మలం ద్వారా ఇంటికి చేరుతాయి. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, మధుమేహం లేక దీర్ఘవ్యాధి కలవారు ఉన్న ఇంటిలో పచ్చి మాంసాహారం పెట్టకపోవడమే శ్రేయస్కరం. కుక్కపిల్లలకు, చూడి కుక్కలకు, ముసలి కుక్కలకు కూడా అది తగదు.

వండిన మాంసాహారం – సులభ పద్ధతి

కుక్కకు మాంసం అవసరమన్నంత వరకు పచ్చి ఆహారవాదులు చెప్పినది సరియైనదే. దానిని వండి పెడితే మేలు నిలుస్తుంది, కీడు తొలగుతుంది. వండటం వలన మాంసకృత్తులకు చెప్పుకోదగ్గ నష్టం లేదు. కొన్ని సారాలు నీటిలోకి దిగుతాయి కనుక ఆ నీటిని పారబోయక ఆహారంలోనే కలపాలి.

సుమారు 15 కిలోల బరువున్న, పెరుగుదల పూర్తయిన ఆరోగ్యవంతమైన కుక్కకు ఒక రోజుకు:

– ఎముకలేని కోడిమాంసం లేక మేకమాంసం: 200 గ్రాములు
– జొన్నరవ్వ లేక బియ్యం: 90 గ్రాములు (వండక ముందు తూకం)
– సొరకాయ, గుమ్మడి, క్యారట్ వంటి కూర: అర కప్పు
– నూనె: ఒక చెంచా
– కోడిగ్రుడ్డు పెంకు పొడి: అర చెంచా

రవ్వను, కూరను మెత్తగా ఉడికించి, విడిగా బాగుగా ఉడికిన మాంసాన్ని, దాని నీటిని కలిపి, చల్లారిన తరువాత పెంకు పొడి చేర్చి రెండు పూటలుగా పెట్టాలి. ఉప్పు, కారం, మసాలా, తాలింపు వేయరాదు. కుక్క బక్కచిక్కితే కొంత పెంచాలి, లావెక్కితే కొంత తగ్గించాలి. నెలల తరబడి ఇదే పెట్టదలచినపుడు జింకు, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ లోపించకుండా పశువైద్యుని అడిగి తగిన మందు చేర్చుకోవాలి.

కార్జం మంచి ఆహారమే. వారానికి రెండుసార్లు 20 గ్రాముల చొప్పున చాలు. అతిగా పెడితే విటమిన్ ఏ ఎక్కువై ఎముకలకు హాని చేస్తుంది. గొర్రె, మేకల కార్జాన్ని చిన్న ముక్కలుగా చేసి, నీళ్ళు తెర్లడం మొదలైన తరువాత కనీసం అరగంట ఉడికించాలి. తిత్తిలోని పురుగు తలలు నశించడానికి ఆ వ్యవధి అవసరం. తిత్తులు కంటికి కనిపిస్తే ఆ భాగాన్ని వండటానికి కూడా ప్రయత్నించక, కుక్కలు తవ్వలేనంత లోతుగా పూడ్చడమో, కాల్చివేయడమో చేయాలి.

ఇంట మాంసం వండనివారు పెరట్లో వేరే పొయ్యి, వేరే కుండ పెట్టుకోవచ్చు. అదికూడా వీలుకానివారు ఉడికించిన గ్రుడ్లు, పెరుగు, మెత్తగా ఉడికిన పప్పు, జొన్నఅన్నం కలిపి పెట్టవచ్చు. గ్రుడ్లు చేర్చిన శాకాహారంపై కుక్క ఆరోగ్యంగా బ్రతకగలదు. అలవాటుగా పచ్చి గ్రుడ్డు పెట్టరాదు. పచ్చి తెల్లసొన బయోటిన్ అనే విటమిన్‌ను శరీరానికి అందనీయదు. జూరాల జలాశయపు చేపలు దొరికేవారు వాటిని వండి, ముళ్ళు తీసి పెట్టాలి.

సున్నం కొరత

పచ్చిదైనా, వండినదైనా ఉత్త మాంసం మీద కుక్కపిల్లను పెంచడం పెద్ద పొరబాటు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. రక్తంలో కాల్షియం నిలపడానికి శరీరం ఎముకల నుండే దానిని లాగుకొంటుంది. కాళ్ళు వంకర తిరుగుతాయి, నడుము వంగుతుంది, చిన్న దూకుడుకే ఎముక విరుగుతుంది. మాంసం పెట్టినా పిల్ల కుంటుతున్నదేమని ఆశ్చర్యపడే యజమానులు ఈ కారణాన్ని గుర్తించాలి.

గ్రుడ్డు పెంకు దీనికి సులభమైన పరిహారం. కుక్కుటాండత్వక్ భస్మం రూపంలో ఇది మన వైద్యులకు పరిచితమే. ఇంటిలో భస్మం చేయనక్కరలేదు. పెంకులను కడిగి, పది నిమిషాలు నీటిలో మరిగించి, ఆరబెట్టి, మెత్తని పొడి చేసి వస్త్రగాళితం పట్టాలి. ఒక చెంచా పొడిలో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లలకు, ముఖ్యంగా పెద్దజాతి పిల్లలకు ఎక్కువైనా హానియే కనుక, వాటి మోతాదును పశువైద్యుడే నిర్ణయించాలి.

ఎముకల విషయంలో రెండు మాటలు. ఉడికిన ఎముక పెళుసై సూదులవలె చీలుతుంది. కోడి ఎముక ముఖ్యంగా గొంతుకు, ప్రేగులకు ప్రమాదకరం. విందుల తరువాత విస్తళ్ళలోని ఎముకలు కుక్కకు వేయడం మానాలి. పచ్చి ఎముక అంత తేలికగా చీలదుగాని, అదికూడా పళ్ళు విరగగొట్టవచ్చు, ప్రేగుకు అడ్డుపడవచ్చు.

ఆహారాన్ని మార్చే క్రమం

కొత్త ఆహారం ఎంత మంచిదైనా ఒక్కసారిగా మార్చరాదు. అలవాటువలన శరీరానికి అనుకూలించిన దానిని ఓకసాత్మ్యమన్నారు. దానిని హఠాత్తుగా విడిస్తే అగ్ని దెబ్బతిని ఆమం పుడుతుంది. పాతదానిని పాదం, పాదంగా విడుస్తూ కొత్తదానిని పాదం, పాదంగా చేర్చే పద్ధతిని చరకుడు సూత్రస్థానంలో ఉపదేశించాడు. నేటి పశువైద్యులు చెప్పే వారం, పది రోజుల మార్పు పద్ధతి కూడా దాదాపు ఇదే.

– మొదటి మూడు రోజులు: పాత ఆహారం మూడు పాళ్ళు, కొత్తది ఒక పాలు
– 4 నుండి 6వ రోజు వరకు: రెండూ సమానం
– 7 నుండి 9వ రోజు వరకు: పాతది ఒక పాలు, కొత్తది మూడు పాళ్ళు
– 10వ రోజు నుండి: పూర్తిగా కొత్తది

ప్రతిరోజూ మలాన్ని గమనించాలి. కొద్దిగా మెత్తబడితే ముందుకు పోక, అదే మెట్టుమీద మరి రెండు రోజులు ఆగాలి. వాంతులు, రక్తంతోనో జిగటతోనో విరేచనాలు, జ్వరం, నీరసం కనిపిస్తే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యునికి చూపించాలి.

పచ్చిదే పెట్టితీరాలనుకొనేవారికి

పై విషయాలు తెలిసిన తరువాత కూడా పచ్చి ఆహారమే ఇష్టపడేవారు కనీసం ఈ హద్దులు దాటరాదు.

1. గొర్రె, మేక, పశువుల కార్జం, ఊపిరితిత్తులు, గుండె, తిల్లి, గుర్దాలు, బోటి, తల – వీటిని ఏ పరిస్థితిలోనూ పచ్చిగా పెట్టరాదు. కండమాంసం మాత్రమే, అదికూడా మనం తినడానికి కొనే మాంసంలో నుండే తీసుకోవాలి.
2. మాంసాన్ని మైనస్ 20 డిగ్రీల చలిలో కొద్ది రోజులు గడ్డకట్టిస్తే చాలా పరాన్నజీవులు చస్తాయి. సాల్మొనెల్లా వంటి క్రిములు మాత్రం చావవు. కరెంటు పోయి కరిగిన మాంసాన్ని మళ్ళీ గడ్డకట్టించి వాడరాదు.
3. పావుగంటలో తినకపోతే గిన్నె తీసివేయాలి. వేసవిలో ఈ పద్ధతిని పూర్తిగా మానడం మంచిది.
4. కత్తిపీట, పలక, గిన్నె వేరుగా ఉంచి వేడినీటితో, సబ్బుతో కడగాలి.

పురుగుల మందు – ఒక హెచ్చరిక

ఏ ఆహారం పెట్టినా కుక్కకు మూడు నెలలకొకసారి పురుగుల మందు వేయించాలి. మందల మధ్య తిరిగే కుక్కలకు, బయట పచ్చి మాంసం దొరికే కుక్కలకు ఆరు వారాలకొకసారి అవసరం. ఎకైనోకాకస్‌పై పనిచేసే మందు ప్రాజిక్వాంటెల్. ఏలికపాములకు వేసే మందులన్నీ దీనిపై పనిచేయవు కనుక, ఈ మందు ఉన్నదో లేదో అడిగి తెలుసుకోవాలి. దీనిని కుక్క బరువును బట్టి వైద్యుడు నిర్ణయిస్తాడు. మందు వేసిన రెండు రోజులు మలాన్ని సేకరించి లోతుగా పూడ్చాలి.

వాయువిడంగాలు, వేపాకు క్రిమిహరాలుగా మన శాస్త్రంలో ప్రసిద్ధమే. కానీ ఈ బద్దెపురుగు విషయంలో వాటిపై ఆధారపడరాదు. ఇక్కడ పణంగా ఉన్నది ఇంటి పిల్లల ఆరోగ్యం. పురుగులకు మంచిదని వెల్లుల్లి తినిపించడం మరింత పొరబాటు. వెల్లుల్లి, ఉల్లి – పచ్చివైనా, వండినవైనా – కుక్క రక్తకణాలను ధ్వంసం చేసి పాండురోగాన్ని కలిగిస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను చెడగొడతాయి. చాక్లెట్ గుండెకు, నరాలకు విషం.

తరచు కలిగే సందేహాలు

*పచ్చి మాంసం తింటే కుక్క క్రూరమవుతుందా? పిచ్చిపడుతుందా?*
ఈ రెండూ అపోహలే. క్రూరత్వం పెంపకాన్ని బట్టి వస్తుంది. పిచ్చి, అనగా రేబిస్, ఆ వ్యాధి ఉన్న జంతువు కాటువలన వస్తుంది. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన ప్రకారం క్రమం తప్పక మళ్ళీ వేయించాలి.

*మా కుక్క ఎన్నో ఏళ్ళుగా దుకాణపు పచ్చి ముక్కలు తింటూ ఆరోగ్యంగానే ఉన్నది. భయమెందుకు?*
కుక్క ఆరోగ్యంగా కనిపించడమే ఈ పురుగు స్వభావం. ప్రమాదం కుక్కకు కాదు, మీకు. ఈ రోజే ఆ పద్ధతి మాని, ప్రాజిక్వాంటెల్ వేయించండి. కడుపునొప్పి, విడువని దగ్గు వంటివి ఇంట ఎవరికైనా ఉంటే, ఇంటిలో కుక్క ఉన్న సంగతిని వైద్యునికి తప్పక చెప్పండి.

*దేవర చేసే రోజున ఏమి చేయాలి?*
కుక్కను కట్టివేయండి. పనికిరాని భాగాలను లోతైన గుంటలో పూడ్చి పైన రాళ్ళు పేర్చండి. కుక్కకు దాని వాటా కావాలనుకొంటే, మీ కుండలో ఉడికిన తరువాత, మసాలా వేయక ముందు, నాలుగు ముక్కలు తీసి చల్లార్చి పెట్టండి.

ఈ చివరి మాటలోనే ఈ వ్యాసపు సారమంతా ఉన్నది. మనం తినదగినది కానిది కుక్కకు కూడా ఆహారం కాదు. ఒక పిడికెడు మాంసాన్ని అరగంట సేపు పొయ్యి మీద పెట్టడం పెద్ద శ్రమ కాదు. ఆ అరగంట వలన కుక్కకు బలం, మందకు రక్ష, పిల్లలకు ఆరోగ్యం సమకూరుతాయి. సందేహం కలిగినపుడు దగ్గరలోని పశువైద్యశాలలో సంప్రదించి, కుక్క వయసును, బరువును, ఆరోగ్యస్థితిని బట్టి ఆహారాన్ని నిర్ణయించుకోండి.